బోదకాలు మాత్ర చరిత్ర: ఔషధ గతిశాస్త్రానికి ఒక ప్రవేశిక

గుమ్మం ముందు అడిగే ప్రశ్నలు

సారంగాపూర్ నేడు జగిత్యాల జిల్లాలో ఒక మండలం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు అది కరీంనగర్ జిల్లాలో ఉండేది. బోదకాలు, అంటే ఫైలేరియా, స్థానికంగా పాతుకుపోయిన జిల్లాల జాబితాలో కరీంనగర్ పేరు చాలాకాలంగా ఉంది. మీరు ఈ ప్రాంతానికి చెందినవారైతే ఒక దృశ్యం మీకు పరిచయమే. ఏడాదికోసారి ఆశా కార్యకర్త సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ వస్తుంది. పదిహేనేళ్లు దాటిన వారి చేతిలో మూడు చిన్న మాత్రలు, ఒక పెద్ద మాత్ర పెట్టి, "నా ముందే మింగండి" అంటుంది. చాలామంది "అన్నం తిన్నాక వేసుకుంటాం, అక్కడ పెట్టిపో" అంటారు. ఆ గోలీలు గూట్లో దీపం పక్కన వచ్చే ఏడాది దాకా అలాగే ఉండిపోతాయి.

మింగనివారిని తప్పుపట్టే ముందు వారు అడిగే ప్రశ్నలు వినాలి. నా కాలు బాగానే ఉంది కదా, నాకెందుకు? మా అబ్బాయికి రెండు, నాకు మూడు ఎందుకు? జ్వరానికి రోజుకు మూడుసార్లు వేసుకోమంటారు, దీన్ని ఏడాదికి ఒక్కసారి వేసుకుంటే ఏం లాభం? పరగడుపున ఎందుకు వద్దు? గర్భిణికి ఎందుకు ఇవ్వరు? ఇవి అమాయకమైన ప్రశ్నలు కావు. శరీరంలోకి వెళ్లిన మందు ఎంత చేరుతుంది, ఎక్కడికి పోతుంది, ఎలా మారుతుంది, ఎంతసేపట్లో బయటికి పోతుంది అని పరిశీలించే శాస్త్రాన్ని ఔషధ గతిశాస్త్రం లేదా ఫార్మకోకైనెటిక్స్ అంటారు. పై ప్రశ్నల్లో చాలావరకు ఆ శాస్త్రానివే. మందు శరీరాన్ని ఏం చేస్తుందన్నది వేరే శాస్త్రం. శరీరం మందును ఏం చేస్తుందన్నది ఈ పాఠం విషయం. సూత్రాలను విడిగా చెప్పుకోకుండా ఈ ఒక్క మాత్ర చరిత్ర వెంట నడుస్తూ వాటిని చూద్దాం.

హైదరాబాదులో ఒక పాత వివాదం

బోదకాలు మాత్ర కంటే ముందే, సారంగాపూర్ కూడా భాగమైన నిజాం రాజ్యంలో మోతాదు గురించి పెద్ద వివాదం నడిచింది. దాన్ని క్లుప్తంగా చూసి ముందుకు పోదాం. 1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. మరుసటి ఏడాది జనవరిలోనే హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక దాని ప్రభావంలో మరణించింది. ఈ మందు గుండెను ఆపి చంపుతుందా, ఊపిరిని ఆపి చంపుతుందా అన్న తర్కం అప్పటినుంచి ఆగలేదు. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్, అక్కడి వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఊపిరి పక్షం వాడు. గుండెకు భయం లేదు, శ్వాసను మాత్రం కనిపెట్టి ఉండండి అని తన విద్యార్థులకు నేర్పేవాడు. 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండో దానికి నిజాం ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చింది. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువులపై ప్రయోగాలు చేసి, కమిషన్ లారీ మాటే సరైనదని తేల్చింది.

ఆ తీర్పు నిలవలేదు. తేలిక మత్తులో కూడా క్లోరోఫాం వల్ల గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. మన పాఠానికి అవసరమైన సంగతి మరొకటి. లారీ రోగి శ్వాసను చూశాడు గానీ, ఆ శ్వాసతో ఎంత క్లోరోఫాం లోపలికి పోతోందో కొలవలేదు. గాలిలో క్లోరోఫాం ఆవిరి ఎంత శాతం ఉండాలో నిర్ణయించాలని జాన్ స్నో అంతకు నలభై ఏళ్ల ముందే వాదించాడు. రెండు శాతానికి మించి ఆవిరి రానివ్వని పరికరాన్ని వెర్నన్ హార్‌కోర్ట్ ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో తయారుచేశాడు. ఒకే సీసా, ఒకే మందు. ఒకరికి నిద్ర, ఒకరికి మరణం. తేడా సీసాలో లేదు, రక్తంలోకి చేరిన పరిమాణంలోనూ, చేరిన వేగంలోనూ ఉంది. హైదరాబాదు కమిషన్ ఎంతో శ్రమించినా ఈ ప్రశ్నను పక్కనపెట్టింది.

కొలత వచ్చాక

రక్తంలో మందును కొలవడం నేర్చుకున్నాకనే ఈ శాస్త్రం పుట్టింది. 1937లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో టార్స్టెన్ టియోరెల్ రెండు వ్యాసాలు ప్రచురించాడు. శరీరాన్ని కొన్ని గదులుగా ఊహించి, మందు ఒక గది నుంచి మరో గదికి ఏ వేగంతో పోతుందో సమీకరణాల్లో రాశాడు. అప్పట్లో వాటిని పట్టించుకున్నవారు తక్కువ. 1953లో జర్మనీలో ఫ్రీడ్రిక్ హార్ట్‌ముట్ డోస్ట్ రక్తంలో మందు మట్టం గురించి ఒక గ్రంథం రాసి, ఈ శాస్త్రానికి పేరు పెట్టాడు.

టియోరెల్ గదిని అర్థం చేసుకోవడానికి మీ ఊరి చెరువును తలచుకోండి. వాగు నుంచి చెరువులోకి నీరు వస్తుంది; పేగు నుంచి రక్తంలోకి మందు చేరడం అటువంటిదే. దీన్ని శోషణ అంటారు. అదే నీరు చిన్న కుంటలో పడితే మట్టం ఎక్కువ, పెద్ద చెరువులో పడితే తక్కువ. మందు ఎంత విశాలంగా పరుచుకుంటుందో చెప్పే కొలతను విస్తరణ ఘనపరిమాణం అంటారు. ఇక తూము. మట్టం ఎత్తుగా ఉన్నప్పుడు తూము నుంచి నీరు ఉరికి పోతుంది, మట్టం పడిపోయేకొద్దీ నెమ్మదిస్తుంది. చాలా మందులు శరీరం నుంచి పోయే తీరు ఇదే: గంటకు ఇన్ని మిల్లీగ్రాములు అని కాదు, ఉన్నదానిలో ఇంత భాగం అని. ఉన్నది సగం కావడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఈ పోలికను మరీ లాగకండి, చెరువు తూము లెక్క అచ్చంగా ఇలా ఉండదు. పైగా దీనికి లొంగనివీ ఉన్నాయి. రక్తంలో మద్యం గంటగంటకు దాదాపు ఒకే పరిమాణంలో తగ్గుతుందని స్వీడన్‌కే చెందిన విడ్‌మార్క్ అంతకుముందే గమనించాడు. అక్కడ తూముకు బదులు, మట్టంతో పని లేకుండా ఒకే వేగంతో తోడే మోటారు ఉందనుకోండి.

ఈ లెక్కలకు ప్రాణం పోసింది యుద్ధం. 1942లో జపాన్ జావాను ఆక్రమించడంతో మిత్రరాజ్యాలకు క్వినైన్ సరఫరా తెగిపోయింది. పసిఫిక్ అడవుల్లో మలేరియాతో పడిపోతున్న సైనికులకు అటబ్రిన్ అనే పసుపు మాత్ర ఇచ్చారు. రోజూ కొద్దికొద్దిగా ఇస్తే పనిచేయడానికి వారాలు పట్టింది, ఎక్కువ ఇస్తే వాంతులు. న్యూయార్క్‌లోని గోల్డ్‌వాటర్ ఆసుపత్రిలో జేమ్స్ షానన్ బృందం రక్తంలో ఆ మందును కొలిచింది. అటబ్రిన్ రక్తంలో నిలవకుండా కాలేయం మొదలైన కణజాలాల్లోకి పెద్ద మొత్తంలో ఇంకిపోతోందని తేలింది. ఎండిన చెరువులో మొదటి వాన నీరంతా నేల తాగేసినట్టే ఇది. అందుకని మొదట పెద్ద మోతాదు ఇచ్చి నేలను తడిపి, తర్వాత చిన్న మోతాదులతో మట్టాన్ని నిలబెట్టారు. నేటికీ మలేరియాకు క్లోరోక్విన్ మొదటి రోజు ఎక్కువ ఇవ్వడంలో ఈ తర్కమే ఉంది.

భీమవరం నుంచి పెర్ల్ రివర్‌కు

అదే యుద్ధం, అదే పసిఫిక్ దీవులు. అక్కడి అమెరికా సైనికులకు ఫైలేరియా కూడా సోకింది. ఆ భయం ఒక తెలుగువాడి ప్రయోగశాలను కదిలించింది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు కట్టి అధికారుల ఆగ్రహానికి గురయ్యాడు. పూర్తి పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. 1920ల ఆరంభంలో అమెరికా చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తం, మూత్రం వంటి ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను రంగు గాఢత ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. తరాల తరబడి జీవరసాయన విద్యార్థులు ఆ పద్ధతిని ఇద్దరి పేర్లతోనే నేర్చుకున్నారు. శరీర ద్రవాల్లో అతి స్వల్ప పరిమాణాలను నమ్మకంగా కొలవగలగడమే మనం చదువుతున్న శాస్త్రానికి పునాది అన్నది మరచిపోకండి.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలల్లో చేరాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఆయన నడిపిన పరిశోధనా విభాగం ఎలుకల్లోని ఒక ఫైలేరియా పురుగుపై ఎన్నో రసాయనాలను వరుసగా పరీక్షించింది. డైఇథైల్‌కార్బమజీన్ నిలిచింది. దాన్ని పొడి అక్షరాల్లో డి.ఇ.సి. అంటారు, వ్యాపార నామం హెట్రజాన్. 1947లో ప్యూర్టోరికోలో మనుషులపై దాని తొలి ఫలితాలు వెలువడ్డాయి. ఇంజెక్షన్ కాదు, నోటితో మింగే మాత్ర. రోగుల రక్తంలోంచి పురుగు పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, మాయమయ్యాయి. సుబ్బారావు 1948 ఆగస్టులో మరణించాడు. ఆయన పుట్టిన పశ్చిమ గోదావరి కూడా బోదకాలు జిల్లాయే. ఆ మాత్ర అక్కడికి రావడం ఆయన చూడలేదు.

మాత్ర మింగిన రాత్రి

ఇప్పుడు మాత్ర వెంట లోపలికి వెళ్దాం. డి.ఇ.సి. పేగు నుంచి త్వరగా, దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరుతుంది. ఒకటి రెండు గంటల్లో రక్తంలో దాని మట్టం శిఖరానికి చేరుతుంది. దీనికి ఒక ముచ్చటైన రుజువు ఉంది. మన ప్రాంతంలోని ఫైలేరియా పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రి కదా. ఫైలేరియా దోమలో పెరుగుతుందని 1877లో చైనాలోని అమోయ్‌లో కనుగొన్న ప్యాట్రిక్ మాన్సన్ ఈ రాత్రి సంచారాన్ని కూడా వివరించాడు. సికింద్రాబాదు బేగంపేటలో 1897 ఆగస్టులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రోనాల్డ్ రాస్‌కు గురువు ఈయనే. అందుకే ఆరోగ్య సిబ్బంది రక్త నమూనాల కోసం రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఊళ్లోకి వస్తారు. రాత్రి వీలుకాకపోతే పగలు ఒక 100 మిల్లీగ్రాముల డి.ఇ.సి. మాత్ర ఇస్తారు. అరగంట నుంచి గంటలోపు దాక్కున్న పురుగు పిల్లలు రక్తంలోకి బయటపడతాయి. నోట్లో వేసిన మాత్ర అంత త్వరగా ఊపిరితిత్తుల దాకా చేరిందన్నమాట.

బయటికి పోవడం కూడా త్వరగానే. డి.ఇ.సి. ముఖ్యంగా మూత్రం ద్వారా పోతుంది, అందులో పెద్ద భాగం ఏ మార్పూ లేకుండానే. మూత్రం ఆమ్లంగా ఉంటే వేగంగా, క్షారంగా ఉంటే నెమ్మదిగా పోతుంది. ప్రధానంగా శాకాహారం తినేవారి మూత్రం క్షారం వైపు మొగ్గుతుంది కాబట్టి, ఒకే మాత్ర ఇద్దరు పక్కింటివారిలో ఒకే వేగంతో పోదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారి విషయంలో జాగ్రత్త ఎందుకో కూడా ఇక్కడే అర్థమవుతుంది. వారి తూము మూసుకుపోయి ఉంటుంది.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. లెక్క సులువు కావడానికి డి.ఇ.సి. అర్ధాయువు 8 గంటలు అనుకుందాం. నిజానికి అది మనిషిని బట్టి మారుతుంది. 50 కిలోల మనిషి కిలోకు 6 మిల్లీగ్రాముల చొప్పున 300 మిల్లీగ్రాములు మింగాడు. ఎనిమిది గంటలకు 150, పదహారు గంటలకు 75, ఇరవై నాలుగు గంటలకు 37.5. మర్నాడు మళ్లీ 300 మింగితే 337.5 అవుతుంది. దాన్ని ఎనిమిదితో భాగిస్తే మూడోరోజు ఉదయానికి మిగిలేది సుమారు 42. ఇంకో మోతాదుతో 342. నాలుగో రోజు, ఐదో రోజు కూడా లెక్కవేసి చూడండి. 343 దగ్గర శిఖరం, 43 దగ్గర అడుగు, అక్కడే ఆగిపోతుంది. పన్నెండు రోజులు వేసుకున్నా మట్టం ఇంకా పెరగదు. వస్తున్నదీ పోతున్నదీ సమానమైన ఈ దశను స్థిర స్థితి అంటారు. ఏ మందైనా నాలుగైదు అర్ధాయువులలో దాదాపు ఈ స్థితికి వస్తుంది. ఆపేస్తే అంతే కాలంలో దాదాపు ఖాళీ అవుతుంది.

ఈ చిన్న లెక్కను నేను కావాలనే మీచేత చేయించాను. బోదకాలు రోగికి చాలాకాలం ఇచ్చిన చికిత్స రోజుకు కిలోకు 6 మిల్లీగ్రాముల చొప్పున పన్నెండు రోజులు. మీ లెక్క ప్రకారం ఆ పన్నెండు మోతాదులు ఒకదానిపై ఒకటి పేరుకోవు. అవి పన్నెండు వేర్వేరు అలలు, ఒకటి దాదాపు తగ్గాక మరొకటి. అలాంటప్పుడు ఒక్క అల ఏం చేయగలదన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. అది పుట్టి, జవాబు దొరికి, ప్రభుత్వ కార్యక్రమంగా మారడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది.

పన్నెండు రోజుల నుంచి ఒక్క రోజుకు

భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. వ్యాధి ఉన్న ప్రాంతాల్లో అందరికీ వరుసగా కొన్ని రోజులు డి.ఇ.సి. ఇవ్వడం అందులో ఒక భాగం. అది నిలవలేదు. మాత్ర వేసుకున్న కొందరికి జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం వచ్చాయి. మొదటిరోజు జ్వరం వచ్చినవాడు రెండోరోజు మాత్ర ఎందుకు వేసుకుంటాడు? 1960 ప్రాంతంలో జరిగిన సమీక్ష తర్వాత సామూహిక పంపిణీని ఆపి, దోమ పిల్లల నిర్మూలన, రాత్రి రక్తపరీక్షల్లో దొరికినవారికి చికిత్స అన్న దారి పట్టారు. ఈ వైఫల్యాన్ని ప్రజల అజ్ఞానంగా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ఆ జ్వరం నిజమైనదే. అది చాలావరకు మందు విషం వల్ల కాదు, చచ్చిన పురుగు పిల్లలకు శరీరం చూపే ప్రతిస్పందన. రక్తంలో అవి ఎంత ఎక్కువ ఉంటే జ్వరం అంత ఎక్కువ. "నాకు ఏ జబ్బూ లేదు, మాత్ర వేసుకున్నాకే జ్వరం వచ్చింది" అన్న మనిషి రక్తంలోనే జబ్బు దాగి ఉండే అవకాశం ఎక్కువ. ఈ సంగతిని ఆ ఊళ్లలో ఎవరైనా ఓపిగ్గా కూర్చుని చెప్పి ఉంటే కథ ఎలా ఉండేదో.

మధ్యలో మరో దారి ప్రయత్నించారు. డి.ఇ.సి. వంట వేడికి చెడిపోదు. అందుకని దాన్ని ఉప్పులో కలిపారు. చైనాలో ఇది పెద్ద ఎత్తున జరిగింది. మన దేశంలో లక్షద్వీప్‌లోనూ, పుదుచ్చేరికి చెందిన కారైకాల్‌లోనూ చేశారు. ఉప్పులో 0.2 శాతం మందు ఉండి, మనిషి రోజుకు 10 గ్రాముల ఉప్పు తింటే, రోజుకు 20 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. ఒక్కసారి ఉప్పెనలా వచ్చే 300 మిల్లీగ్రాములకు ఇది పూర్తిగా భిన్నం. శిఖరం లేదు, జ్వరాలు బాగా తగ్గాయి, ఫలితమూ కనిపించింది. అయితే ఇంట్లో ప్రతి ఒక్కరూ నెలల తరబడి అదే ఉప్పు తినాలి, బజారులో వేరే ఉప్పు దొరకకూడదు. చిన్న ద్వీపంలో సాధ్యమైనది సారంగాపూర్ సంతలో సాధ్యమవుతుందా అని మీరే ఆలోచించండి.

1980లు, 1990లలో వివిధ దేశాల్లో జరిగిన పరీక్షలు ఆశ్చర్యకరమైన ఫలితాన్నిచ్చాయి. కిలోకు 6 మిల్లీగ్రాముల ఒక్క మోతాదు కూడా, ఏడాది తర్వాత చూస్తే, సుదీర్ఘ చికిత్సకు దగ్గరగా పురుగు పిల్లలను తగ్గించింది. రెండు రోజుల్లో శరీరం నుంచి పోయే మందు ఏడాదిపాటు ఎలా పనిచేసింది? ఇక్కడ మనం జాగ్రత్తగా అడుగు వేయాలి. గాజుపాత్రలో, మనిషి రక్తంలో ఉండేంత గాఢతలో, డి.ఇ.సి. పురుగు పిల్లలను చంపదు. శరీరంలో మాత్రం చంపుతుంది, ఎందుకంటే అక్కడ వాటిని మన రోగనిరోధక వ్యవస్థ చేతికి అప్పగిస్తుంది. ఒకసారి తుడిచిపెట్టాక రక్తం మళ్లీ పురుగు పిల్లలతో నిండడానికి నెలలు పడుతుంది. పెద్ద పురుగుల్లో కొన్ని కూడా చస్తాయి; మిగిలినవి కొన్నేళ్లు బతుకుతాయి. కాబట్టి రోజుకు మూడుసార్లా, ఏడాదికి ఒకసారా అన్నది ఎప్పుడూ మందు గడియారాన్ని బట్టే నిర్ణయం కాదు. పారాసెటమాల్ ప్రభావం దాని మట్టంతోపాటే దిగిపోతుంది, అందుకే మళ్లీ వేసుకోవాలి. డి.ఇ.సి. విషయంలో నడిచేది పురుగు గడియారం. పెద్ద పురుగు ఆయుష్షు తీరేదాకా, అంటే కనీసం ఐదారేళ్లు, ఏటేటా రక్తాన్ని శుభ్రంగా ఉంచితే దోమకు మోయడానికి ఏమీ దొరకదు. బాగున్న కాలుకు కూడా మాత్ర ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇదే. దోమ కాలును చూసి కుట్టదు.

1997లో ప్రపంచ ఆరోగ్య సభ ఫైలేరియా నిర్మూలనకు తీర్మానించింది. మన దేశం 2004లో ఏడాదికోసారి సామూహిక మాత్రల పంపిణీ మొదలుపెట్టింది, కొన్నేళ్లకు ఆల్బెండజోల్ తోడైంది. 2015 నాటికి నిర్మూలన అన్నారు. గడువు జరుగుతూ జరుగుతూ ఇప్పుడు 2027కు చేరింది.

చేతిలో ఎన్ని మాత్రలు?

పంపిణీలో డి.ఇ.సి. మాత్ర 100 మిల్లీగ్రాములు. రెండు నుంచి ఐదేళ్లకు ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్లకు రెండు, ఆపైన మూడు. ఇది శాస్త్రానికీ, సంచికీ మధ్య రాజీ. 50 కిలోల మనిషికి 300 సరిగ్గా సరిపోతుంది. బీడీలు చుట్టే 40 కిలోల మహిళకు అది కిలోకు 7.5 అవుతుంది, 75 కిలోల మనిషికి 4 మాత్రమే. గుమ్మం దగ్గర తూకం యంత్రం పెట్టి లెక్కలు వేయలేరు కాబట్టి వయసును బరువుకు బదులుగా వాడుకున్నారు. మందు సురక్షితంగా ఉండే హద్దు విశాలమైతేనే ఇలాంటి రాజీ చెల్లుతుంది. అలాంటి రాజీని గుండెజబ్బుకు వాడే డిగాక్సిన్‌తో చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ పనిచేసే మట్టానికీ, విషమయ్యే మట్టానికీ మధ్య దూరం చాలా తక్కువ. 2018 నుంచి దేశంలో ఎంపిక చేసిన జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్‌ను మూడో మందుగా చేర్చారు. దాన్ని ఎత్తును బట్టి ఇస్తారు. గీతలు గీసిన కర్ర పక్కన మనిషిని నిలబెడితే చాలు.

ఆల్బెండజోల్ నడత డి.ఇ.సి.కి పూర్తిగా వ్యతిరేకం. అది నీటిలో కరగదు, పరగడుపున మింగితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటే కొన్ని రెట్లు ఎక్కువ చేరుతుంది. పేగులోని నులిపురుగులకైతే మందు పేగులోనే ఉండిపోవడం మేలే, కానీ ఫైలేరియా ఉండేది పేగులో కాదు. చేరిన కొద్దిపాటి మందు కూడా ముందు కాలేయం గుండా పోవాలి. చాలా మందులను అక్కడ కాలేయం నిర్వీర్యం చేస్తుంది. ఆల్బెండజోల్‌ను మాత్రం పనిచేసే రూపంలోకి మారుస్తుంది. శోషణ, విస్తరణ, జీవరూపాంతరం, విసర్జన అని పుస్తకాల్లో కనిపించే నాలుగు మాటలూ ఆశా కార్యకర్త సంచిలోని రెండు రకాల మాత్రల్లో ఉన్నాయి. భోజనం చేశాక మింగమనడానికి కడుపులో వికారం తగ్గడం ఒక కారణం, ఈ శోషణ మరో కారణం. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఇవ్వరు. తల్లి రక్తంలో తిరిగే మందుల్లో చాలావరకు మాయను దాటి బిడ్డకు చేరగలవు. ఆ బిడ్డ కాలేయం, మూత్రపిండాలు ఇంకా తయారవుతూ ఉంటాయి.

మిగిలిపోయినవారు

ఏ లెక్కకూ లొంగని విషయాలు రెండు. మొదటిది, అప్పటికే ఏనుగు కాలులా వాచిన కాలును ఈ మాత్ర మామూలుగా చేయలేదు. లింఫ్ నాళాలు పాడయ్యాక మిగిలేది రోజూ సబ్బు నీటితో కడగడం, ఆరబెట్టడం, కాలు ఎత్తిపెట్టుకోవడం, పుండ్లు పడకుండా చూసుకోవడం. తెలంగాణ ప్రభుత్వం 2018లో బోదకాలు బాధితులకూ ఆసరా పింఛను వర్తింపజేసింది, మరుసటి ఏడాది దాన్ని 2,016 రూపాయలు చేసింది. రెండోది, మాత్రల రోజున ఊళ్లో లేనివారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం నుంచి గల్ఫ్‌కు పోయినవారు ఎందరో మీకు తెలుసు. ఒక మనిషి ఐదేళ్లలో రెండుసార్లే ఊరికి వచ్చి, ఆ రెండుసార్లూ పంపిణీ రోజు దాటిపోతే, అతని రక్తం ఏ జాబితాలోనూ ఉండదు.

పంపిణీ ఆపవచ్చా లేదా అని తేల్చడానికి పెద్దలను పరీక్షించరు. ఆరేడేళ్ల పిల్లల వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి, పురుగు జాడ ఉందేమో చూస్తారు. ఊళ్లో మాత్రలు మింగడం మొదలైన తర్వాత పుట్టినవారు వాళ్లు. తమ ఇంటి పెద్దలు ఆ గోలీలను మింగారో, గూట్లో పెట్టారో వాళ్ల రక్తమే చెబుతుంది.